దివాన్జీ దిద్దిన అర్జీ

పూర్వం ఒక సంస్థానంలో నౌకర్లు సెలవు కావాలంటే ఇంగ్లీషులోనే అర్జీ రాయాలి. పంకా లాగే దాలయ్య, ఊళ్లో ఉన్న తన భార్య పైడమ్మను చూసి ఏడాదైంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని అతను రాసిన అర్జీని దివాన్జీ మూడుసార్లు తిప్పికొట్టాడు.

"బెంగగా ఉందన్నావు సరే, దాని పక్కన రాసిన ఇంగ్లీషు చిన్నమాట తప్పురా!"

"మరేది రాయాలి బాబూ?"

"నీకు ఈ జన్మలో రాదు."

"తమకి మాత్రం వచ్చా అని వంటసాలలో నవ్వుకుంటన్నారు బాబూ."

దివాన్జీకి రోషం వచ్చి, అర్జీ మొదటినుంచి చివరిదాకా తనే రాసి విసిరాడు. "చూసి ఏడు!"

దాలయ్య కింద తన పేరు రాసి, ఆ కాగితమే తిరిగి ఇచ్చాడు. "ఇందులో తప్పుంటే తిప్పికొట్టండి బాబూ."

దివాన్జీ పళ్లు నూరుతూ సెలవు మంజూరు చేశాడు.

ఆ చిన్నమాటేదో దాలయ్య దారిలోనే మరిచిపోయాడు. పైడమ్మ గుమ్మంలో ఏ వైపు ఆనుకుని కూర్చుంటుందో మాత్రం ఏడాదైనా మరవలేదు.