చుక్కయ్య ఎడమ పక్క

పశువులే అరక కట్టుకుని, పశువులే విత్తుకుని, పండింది తలా ఇంత పంచుకు తినే కాలం ఒకటి ఉండేది. ఆ కాలంలో ఒక ఏటిగట్టు పల్లెలో ఎద్దులు కాడి మోసేవి, కోతి మేడి పట్టేది, కోళ్ళు చేలో పురుగు ఏరేవి. దూడలకి మాత్రం ఏ పనీ లేదు. వాటికంటూ ఒక కొట్టం, అందులో లేత పచ్చిక, అడక్కుండానే కుడితి. వయసొచ్చిన కోడె ఏరువాక నాడు కాడి మోసి, ఎడ్ల కొట్టంలోకి మారిపోవాలి. మొయ్యలేకపోతే దాని గతేమిటో ఎవరూ ఆలోచించి పెట్టలేదు. దూడల కొట్టంలో దాని చోటు మాత్రం వెనకాల వచ్చిన దూడకి ఇచ్చేసేవారు.

కపిల ఆవుకి ఆ బెంగే పట్టుకుంది. ఆమె కొడుకు చుక్కయ్యకి పుట్టుకతోనే ఎడమ కన్ను కనపడదు. నుదుట తెల్లచుక్క, నున్నటి మూపురం, చూడముచ్చటైన కోడె. ఇన్నాళ్ళూ వాడికి ఎడమ పక్కన తనే నడిచింది. తెల్లవారితే ఏరువాక. "స్వామీ, దూడగా ఇన్నాళ్ళు కాచావు, ఎద్దయ్యాకా నువ్వే కాచుకో" అని సూర్యుడికేసి తల వంచి మొక్కుకుంది.

ముందుగా కాస్త అలవాటు చేద్దామని పెద్ద ఎద్దు వీరన్న వాణ్ణి మడిలోకి తీసుకెళ్ళాడు. వయసొచ్చింది మొదలు వీరన్న కాడికి కుడి పక్కనే నడిచాడు.

"నేను నీ కుడి పక్కనుంటానురా అబ్బీ. మంచి కన్ను నా మీదే ఉంచు. ఇక భయమేముంది?" అన్నాడు.

వినడానికి బాగానే ఉందని అందరూ తలలూపారు. కోతి పలుపులు బిగించి మేడి పట్టుకుంది. సాలు సగం సాగిందో లేదో, చుక్కయ్య ఎడమ గట్టు దాటి కాలవలో పడ్డాడు. కాడితోపాటు వీరన్న మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కోతి ఎగిరి నీళ్ళలో తేలింది.

"మేడి పట్టమన్నారు, పట్టాను. ఈత కొట్టమని ముందే చెప్పొద్దూ?" అంది ఒళ్ళు దులుపుకుంటూ.

"పోనిద్దురూ, వాడి వల్ల కాదు పాపం" అంది గట్టు మీది కోడిపెట్ట.

ఆ 'పాపం' కపిల గుండెలో ముల్లులా దిగింది. సరిగ్గా అప్పుడే నక్క ఆమె పక్కకి చేరింది.

"కపిలక్కా, నేనుండగా నీకు దిగులేమిటి? ఏటి అవతల నాకో చోటుంది. కాడి లేదు, కర్ర లేదు. కూర్చున్న చోటికే గడ్డి. మేనమామలాంటివాణ్ణి, బతికినంత కాలం వీడి పక్కనే ఉంటాను. ఈ పూటే తోలుకుపోనా?"

"వాడు సుఖంగా ఉంటాడా తమ్ముడూ?"

"సుఖమా? వాడికిక ఏ బాధా తెలీదక్కా."

కపిల మనసు ఊగింది. నీళ్ళోడుతూ నిలబడ్డ కొడుకు దగ్గరికి వెళ్ళి, "మామతో పోతావురా నాన్నా?" అంది.

"పోవడం సంగతి తర్వాతమ్మా. ముందు నన్ను ఎడమ పక్కన ఎందుకు కట్టారు?"

"నీకు వీరన్న తాత కనపడాలని."

"తాత కనపడక్కర్లేదమ్మా. పక్కనున్నాడో లేదో నా మెడకే తెలుస్తుంది. నాకు కనపడాల్సింది గట్టు. నన్ను కుడి పక్కన కట్టి, కనపడని వైపు తాత ఉంటే నేను నడుస్తాను."

ఇంతమంది ఉండీ వాణ్ణి ఒక్క మాట అడగలేదని కపిలకి అప్పుడు తట్టింది.

వీరన్న నెమరు ఆపాడు. "ఈ వయసులో నన్ను ఎడమకి రమ్మంటావుట్రా?" అంటూనే, కాడి చుట్టూ తిరిగి ఎడమ పక్కన నిలబడ్డాడు. సాలు మొదలయ్యాక తడబడ్డది ఆయనే. "ఇటురా తాతా, అటు కాదు" అని చుక్కయ్య మెడతో సర్దుతుంటే, "సరే నాయనా, ఈ పూటకి నేనే దూడని" అని నవ్వాడు. మడి చివరిదాకా సాలు గీత గీసినట్టు వచ్చింది.

నక్కకి నోటి దగ్గర కూడు జారినట్టయింది.

"బాగుంది అల్లుడూ. కానీ ముసలాయన ఎన్నాళ్ళుంటాడు? తర్వాత నీ పక్కన ఎవరు?"

"నువ్వున్నావుగా మామా. బతికినంత కాలం ఉంటానన్నావు. తాత నీళ్ళు తాగొచ్చేదాకా ఒక్క సాలు నాతో నడువు."

అందరూ తనకేసే చూస్తుంటే కాదనలేక నక్క కాడి కింద తల పెట్టింది. కోతి పలుపు ఇంకో చుట్టు చుట్టి మరీ బిగించింది. చుక్కయ్య కదిలాడు. నక్క కాళ్ళు నేలకందీ అందక, బురదలో ఈడ్చుకుపోసాగింది.

"మామా, నాకు అటు కనపడదు. ఉన్నావా?"

"ఉన్నాను, ఉన్నాను. నెమ్మది."

"ఏటి ఒడ్డుదాకా వెళ్ళి తిప్పుదాం."

"అటొద్దు అల్లుడూ. అక్కడ తోడేలుంది. ఇలా కట్టి ఉంటే ముందు నన్నే తింటుంది."

చుక్కయ్య ఆగాడు. "అక్కడ తోడేలుందని నీకెలా తెలుసు మామా?"

నక్క కాడిలోంచి మెడ లాక్కోబోయింది. కోతి పలుపు విప్పగానే, బురద ముద్దలా, మెడ మీది బొచ్చు ఊడి, ఏటికి ఎదురు దిక్కున పరుగు తీసింది. మళ్ళీ ఆ పల్లె పొలిమేరలో కనపడితే ఒట్టు.

వీరన్న నీళ్ళు తాగొచ్చి, ఎవరూ చెప్పకుండానే ఎడమ పక్కన మెడ వంచాడు. కపిల వెళ్ళి ఆయన మోకాళ్ళకి అంటిన మట్టి నాకి శుభ్రం చేసింది. "నీ రుణం తీర్చుకోలేను పెద్దయ్యా" అంది.

"నాదేముందమ్మా, ఏ పక్కకి రావాలో చెప్పింది నీ కొడుకు" అన్నాడు వీరన్న.

మర్నాడు ఏరువాకలో చుక్కయ్య అలాగే కాడి మోసి, ఎడ్ల కొట్టంలోకి మారిపోయాడు. ఆ సాయంత్రం కపిల ఒక్కతే కొట్టానికి నడిచింది. పక్కన కొడుకు లేడు, గుండెల్లో బరువూ లేదు. దేవుడికి ఏమీ అడక్కుండా మొక్కడం ఆమెకి అదే మొదలు.

తోడుంటామనేవాళ్ళు చాలామందే ఉంటారు, ఏ పక్కన నిలబడమంటావని అడిగి నిలబడ్డవాడే తోడు.