ఊదుకొండ చెవియొగ్గు గోపాలస్వామి

మందపాడు దాటిన తరువాత తారు రోడ్డు కొండ మొదట్లోనే ఆగిపోతుంది. అక్కడి నుండి పైకి కాలినడకే. వెదురు పొదల మధ్య మెలికలు తిరిగే ఆ దారిలో సగం ఎక్కేసరికి పైనుండి పిల్లనగ్రోవి వినిపించడం మొదలవుతుంది. మొదటిసారి వచ్చే భక్తులు పైన కచేరీ జరుగుతున్నదనుకుని వడివడిగా ఎక్కుతారు. దగ్గరకు వచ్చేకొద్దీ వారికి సందేహం కలుగుతుంది. వినవచ్చేది పాట కాదు. ఒక స్వరం మొదలవుతుంది, వణుకుతుంది, మధ్యలోనే ఉత్త గాలిగా మారిపోతుంది. కాసేపటికి మరొకటి కీచుమని ఆగిపోతుంది. ఇదే ఊదుకొండ. ఇక్కడ వెలసిన స్వామి చెవియొగ్గు గోపాలస్వామి.

స్వామి విగ్రహం మనిషి నడుమెత్తు ఉంటుంది. మిగిలిన వేణుగోపాలుల వలె ఈయన పిల్లనగ్రోవిని పెదవులకు ఆనించి ఉండడు. దానిని ఎడమచేత నడుము దగ్గరకు దించి పట్టుకుని, తల ఒక పక్కకు వంచి, ఎదుటనున్న దానిని శ్రద్ధగా వింటున్నట్లు దర్శనమిస్తాడు. గర్భగుడికి ఎదురుగా, లోయకు దిగే వాలు పైన ఒక నల్లని బండ ఉన్నది. కొత్తగా వేణువు నేర్చుకునేవారు ఆ బండ మీద లోయ వైపు తిరిగి, స్వామికి వీపు పెట్టి కూర్చుని ఊదాలి. దేవుడికి వీపు చూపవచ్చునా అని అడగని భక్తుడు లేడు. ఆ సందేహం తీరాలంటే పేరమ్మ కథ తెలుసుకోవాలి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, ఈ పేరూ లేదు. గడ్డి తప్ప చెట్టు లేని శిఖరం కావడం చేత దీనిని బోడికొండ అనేవారు. కింద మందపాడులో యలమంద అనే గొల్ల ఊరి మందను కాసేవాడు. అతని భార్య పేరమ్మ. వారికి పిల్లలు లేరు. ఊరివారు కాపరికని కట్టించి ఇచ్చిన ఇంటిలో ఉండేవారు. యలమంద కర్ర పట్టి ఎరుగడు. పొద్దు వాలే వేళకు పిల్లనగ్రోవి మీద ఒక చిన్న పాట ఊదేవాడు. కొండ మీద ఎక్కడెక్కడ మేస్తున్న ఆవులన్నీ ఆ పాట విని తమంతట తామే దిగివచ్చేవి.

ఒక వేసవిలో యలమందకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు జారింది. మాట పోయింది. తెలివి మాత్రం చెక్కుచెదరలేదు. ఎవరేమన్నా అతనికి తెలిసేది, తానేమీ అనలేకపోయేవాడు.

ఊరివారు మందకు వేరొక మనిషిని పెట్టారు. అతడు కేకలు వేస్తూ కర్రతో కొట్టి తోలేవాడు. నెల తిరగకముందే ఆవులు మనిషి గొంతు వింటే చాలు బెదిరి పరుగెత్తడం నేర్చుకున్నాయి. కొన్ని దారి తప్పి అడవిలో పడ్డాయి. రెండు దూడలను చిరుత ఎత్తుకుపోయింది. అతడు కూడా విసిగి పని మానుకున్నాడు. అప్పుడు ఊరి పెదకాపు అంకినీడు, మందను పొరుగూరి కాపరులకు అప్పగించక తప్పదని, ఇల్లు వారికే ఇవ్వవలసి వస్తుందని పేరమ్మకు కబురు చేశాడు.

పేరమ్మ చావడికి వెళ్ళి నిలబడింది. వానలు వెనకపట్టే దాకా మంద తన చేతిలో ఉంచమని, ఈలోగా పిల్లనగ్రోవి నేర్చుకుంటానని చెప్పింది. అక్కడున్నవారు నవ్వారు. నడివయసు దాటిన ఆడమనిషి పిల్లనగ్రోవి పట్టడం వారు ఎన్నడూ చూడలేదు. అంకినీడు నవ్వలేదు. వానలు వెళ్ళేవరకు గడువు ఇస్తున్నానన్నాడు.

ఆ సాయంత్రమే ఆమె భర్త పిల్లనగ్రోవిని చూరు నుండి తీసి ఊదింది. శబ్దం రాలేదు. బుగ్గలు నొప్పిపుట్టేలా ఊదింది. తల తిరిగి గోడకు ఆనుకుని కూర్చోవలసి వచ్చిందే గాని, గాలి తప్ప ఏమీ పలకలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుండి ఆమె ఊదుగొట్టంతో పొయ్యి రాజేసిన మనిషి. పిల్లనగ్రోవిని కూడా అలాగే, ఉన్న ఊపిరంతా ఒక్కసారిగా దూర్చి ఊదుతున్నది.

మంచం మీది యలమంద ఎడమచేయి కదిలించి ఆమెను దగ్గరకు పిలిచాడు. పిల్లనగ్రోవిని ఆమె చేతి నుండి తీసి పక్కన పెట్టాడు. తన అరచేతిని ఆమె నోటికి ఎదురుగా ఉంచి ఊదమని సైగ చేశాడు. ఆమె ఊదింది. అతడు తల అడ్డంగా ఆడించాడు. ఆమె మళ్ళీ ఊదింది. ఊపిరి అరచేయంతా పరుచుకున్నంతసేపు అతడు తల ఆడిస్తూనే ఉన్నాడు. చాలా రోజులు గడిచాక ఒకనాడు, గంజి చల్లార్చుకునేంత మెత్తగా, పెదవుల నడుమ సన్నని సందు నుండి వచ్చిన గాలి అతని అరచేతి మధ్యలో ఒక్కచోటనే తగిలింది. అప్పుడు అతడే పిల్లనగ్రోవిని తీసి ఆమె పెదవికి ఆనించాడు. పలికింది. రెప్పపాటు పలికి పోయింది. ఆమె ఆశ్చర్యంతో నవ్వబోయి పెదవులు విడదీయడంతో ఆ స్వరం మళ్ళీ దొరకలేదు.

అప్పటి నుండి పగలు మందను కొండకు తోలుకుపోయి, ఈ నల్లబండ మీద కూర్చుని సాధన చేసేది. ఊరిలో ఊదితే వాకిళ్ళలో నిలబడి వినేవారు, వెక్కిరించేవారు. ఇక్కడైతే వినేవారెవరూ లేరని ఆమెకు ధైర్యం. వెనుక మట్టిగట్టు, ఎదుట లోయ, దిగువన వాలు మీద మేసే ఆవులు. అవి ఆమె ఊదినప్పుడు తలైనా ఎత్తేవి కావు. సాయంత్రం ఒక్కొక్క ఆవును నిమిరి, బెల్లం చూపి, చీకటి పడేలోగా ఎలాగో ఇంటికి చేర్చేది.

ఇంటికి వెళ్ళాక యలమంద ముందు ఊదేది. ఆమెకు కావలసింది ఆవులను పిలిచే ఆ చిన్న పాట. అందుకని రంధ్రాల మీద వేళ్ళు పెట్టబోయేది. అతడు ఎడమచేత్తో ఆ వేళ్ళను తీసివేసేవాడు. అన్ని రంధ్రాలూ తెరిచి ఉంచి, ఒక్క స్వరాన్నే, ఊపిరి ఉన్నంతసేపు నిలపమని అతని సైగ. ఆమె మరునాడు మళ్ళీ వేళ్ళు పెట్టేది. అతడు మళ్ళీ తీసివేసేవాడు. వానలు మొదలయ్యాయి. గడువు దగ్గరపడుతున్నది. ఒకనాడు ఆమెకు ఓర్పు నశించింది.

"నీ ఆవులు నీ పాటకొస్తాయి గాని, ఈ ఒక్క కూతకు వస్తాయా? నేర్పితే పాట నేర్పు, లేకుంటే వదిలెయ్," అన్నది.

యలమంద ఏదో చెప్పబోయాడు. జారిన మూతి నుండి మాట రాలేదు. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. నోరులేని మనిషిని అంత మాట అన్నందుకు ఆమె లోలోపల కుమిలిపోయింది. అయినా పిల్లనగ్రోవిని మళ్ళీ నోటికి ఆనించలేదు. కొన్ని రోజులు దానిని కొంగులో చుట్టుకుని ఊరికే కొండకు తీసుకుపోయి, ఊరికే తీసుకువచ్చింది.

ఒక మధ్యాహ్నం బండ మీద కునుకుపట్టగా ఆమెకు ఒక కల వచ్చింది. నల్లని కాపరి ఒకడు వచ్చి పక్కన కూర్చుని, అడగకుండానే ఆమె ముంతలోని అంబలి సగం తాగాడు. అతని నడుమున పిల్లనగ్రోవి ఉన్నది. ఆమె దానిని చూసి, నీకు వచ్చినట్లుందే, నా బదులు నువ్వే ఊది మందను తోలిపెట్టరాదా అని అడిగింది.

కాపరి మూతి తుడుచుకుని, "నేను ఊదితే నువ్వెప్పుడు నేర్చుకుంటావు? నువ్వు ఊదు, నేను వింటాను," అన్నాడు.

బాగా రాదని ఆమె అన్నది. బాగా వచ్చినవాళ్ళవి చాలా విన్నానని అతడు అన్నాడు.

మెలకువ వచ్చేసరికి ఎవరూ లేరు. ముంతలో అంబలి సగమే ఉన్నది. తానే తాగి మరిచిపోయిందో ఏమో ఆమెకు తెలియలేదు. కొంగు విప్పి పిల్లనగ్రోవిని తీసింది. పాట సంగతి తలచక, యలమంద చూపినట్లే వేళ్ళు తీసి, ఒక్క స్వరాన్ని పట్టుకుని నిలబెట్టసాగింది. ఆ రోజు నుండి అదే ఆమె సాధన. స్వరం ఒకనాడు బాగా నిలిచేది, మరునాడు అసలు పుట్టేది కాదు. సాయంత్రం ఇంటిలో యలమంద కళ్ళు మూసుకుని వినేవాడు. స్వరం వణికిన చోట కళ్ళు తెరిచేవాడు.

శ్రావణ మాసంలో ముసురు పట్టింది. ఒకనాడు పొద్దు ఉండగానే మబ్బు కొండ మీదికి దిగింది. చేయి చాస్తే వేళ్ళు కనబడనంతగా కమ్ముకున్నది. మంద దిగువన వాలు మీద ఉన్నది. ఆ వాలు చివర నిట్టనిలువు లోయ. ఒక పిడుగు పడింది. ఆవులు బెదిరి చెదిరిన చప్పుడు, గిట్టల కింద రాళ్ళు జారి లోయలో పడుతున్న చప్పుడు పేరమ్మకు వినిపించాయి. దారి తెలియక అవి పల్లానికి, అంచు వైపుకే పోతున్నాయి. ఆమె పేర్లు పెట్టి కేక వేసింది. కేక వినగానే అవి ఇంకా బెదిరాయి. రాళ్ళు మరింతగా జారాయి. దిగి వెళ్ళడానికి అడుగు ఎక్కడ వేయాలో తెలియదు.

ఆమె బండ మీద కూర్చుని పిల్లనగ్రోవిని పెదవికి ఆనించింది. చలికి, భయానికి పెదవులు అదురుతున్నాయి. మొదట గాలి వచ్చింది. మళ్ళీ గాలే వచ్చింది. కళ్ళు మూసుకుని, భర్త అరచేయి ఎదురుగా ఉన్నదనుకుని, దాని మధ్యకు మెల్లగా ఊదింది. స్వరం పలికింది. ఊపిరి అయిపోయేదాకా దానిని నిలిపింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ నిలిపింది.

రాళ్ళ చప్పుడు ఆగింది. మబ్బులో ఎక్కడో, మందను నడిపే ముందావు మెడగంట ఒకసారి మోగింది. ఆమె ఊదుతూనే ఉన్నది. గంట కొంచెం పైన మోగింది. వర్షం పెద్దదైంది. వెనుక మట్టిగట్టు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి జారుతున్నది. బురద నీరు ఆమె వీపును తడిపి బండ మీదుగా పారింది. తిరిగి చూస్తే స్వరం తెగుతుందని ఆమె తిరగలేదు. ముందావు ముక్కు ఆమె మోకాలికి తగిలింది. దాని వెనుక మరొకటి, ఆపైన దూడలు ఒక్కొక్కటిగా ఎక్కి వచ్చాయి. అన్నీ చేరాయని తెలిసినా, పెదవులు తిమ్మిరెక్కి స్వరం తనంతట తానే ఆగిపోయే దాకా ఆమె మానలేదు.

మబ్బు పలచబడింది. ఆవులు ఆమె చుట్టూ నిలబడి ఉన్నాయి గాని, ఆమెను చూడడం లేదు. ఆమె వెనుకకు చూస్తున్నాయి. అప్పుడు పేరమ్మ తిరిగింది. గట్టు కూలిన చోట రాతి గూడు ఒకటి బయటపడింది. అందులో, వాన నీటికి మట్టి కొట్టుకుపోయి, నల్లని స్వామి నిలబడి ఉన్నాడు. పిల్లనగ్రోవి నడుము దగ్గర దించి ఉన్నది. తల ఆమె కూర్చునే బండ వైపు వంగి ఉన్నది. వినేవారెవరూ లేరనుకుని ఆమె ఇన్నాళ్ళు ఊదింది ఆయన ముందే. ఆమె బండ మీద అలాగే కూలబడి చాలాసేపు ఏడ్చింది.

మందతో ఊరు చేరేసరికి వీధిలో జనం ఉన్నారు. ఆ స్వరం లోయ దాటి ఊరి దాకా వచ్చిందట. యలమంద మంచం దిగి, పనిచేసే ఒక చేయి ఊతంగా ఈడ్చుకుంటూ గడప దాకా వచ్చి, కొండ వైపు ముఖం పెట్టి కూర్చుని ఉన్నాడు. పేరమ్మ అతని ఎదుట చతికిలబడింది. అతడు ఆమె చేతిలోని పిల్లనగ్రోవిని సరిచేసి, ఆమె వేలిని తీసుకుని మొదటి రంధ్రం మీద పెట్టాడు. ఆపైన రెండవ వేలిని. పాట ఆ సాయంత్రం మొదలైంది.

మరునాడు అంకినీడు ఊరివారందరితో కొండ ఎక్కాడు. అగ్రహారం నుండి వచ్చిన పండితులు, వేణువు దించిన గోపాలుడిని తామెక్కడా చూడలేదన్నారు. అయినా వెలసిన స్వామిని వెలసిన తీరుగానే కొలవాలని వారే నిర్ణయించారు. గుడి కట్టేటప్పుడు దారికి అడ్డమని బండను తొలగించబోగా, పేరమ్మ ఒక్కటే కోరింది: బండను ఉండనివ్వాలి, దాని మీద కూర్చుని ఊదేవారిని ఎవరూ వారించకూడదు. అంకినీడు మాట ఇచ్చాడు. మందను, ఇంటిని ఆమెకే ఉంచాడు. బోడికొండ నాటి నుండి ఊదుకొండ అయింది. యలమందకు మాట తిరిగి రాలేదు. మరికొన్నేళ్ళు బతికి, ఎండ చల్లబడే వేళ ఎవరైనా మోసుకువస్తే గుడి పంచన కూర్చుని, నేర్చుకునేవారి ఊపిరిని తన అరచేతితో చూసేవాడని చెబుతారు.

ఈనాటికీ ఆ కట్టుబాటు సాగుతున్నది. వేణువులో ఆరితేరినవారు కింది మంటపంలో కచేరీ చేయవచ్చును గాని, బండ మీద కూర్చునేది నేర్చుకునేవారే. ఊదినది బాగున్నదని గాని, బాగోలేదని గాని పూజారి అనరాదు. స్వామికి నైవేద్యం అంబలి. అందరికీ సమానంగా అదే ప్రసాదం. ఇక్కడి ఉత్సవానికి తిథి లేదు. శ్రావణంలో కొండ మీదికి మొదటిసారి మబ్బు దిగిన రోజే పండుగ. మాట ఆలస్యమైన పిల్లలను, జబ్బు చేసి మాట పోయినవారిని ఆ రోజున తీసుకువచ్చి స్వామి ఎదుట కూర్చోబెడతారు.

ఇక్కడికి వస్తే విద్య త్వరగా పట్టుబడుతుందని పూజారులు ఎవరికీ చెప్పరు. నేర్చుకునేటప్పటి సిగ్గు పోతుందని మాత్రం పెద్దలు చెబుతారు. నిరుటి ఉత్సవానికి మార్కాపురం నుండి ఒక పెద్దావిడ వచ్చారు. బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఆమె, ఈ వయసులో వేణువు మొదలుపెట్టారట. బండ మీద చాలాసేపు ఊదారు. గాలి తప్ప ఏమీ రాలేదు. వెనుక వరుసలో నిలబడినవారు తమ వంతు కోసం వేచి ఉన్నారు. ఆమె లేచి, స్వామి వైపు తిరిగి నమస్కరించి, అంబలి తాగి, ముంత కడిగి ఇచ్చి, వరుస చివరకు వెళ్ళి మళ్ళీ నిలబడ్డారు.

అలా నిలబడేవారందరికీ ఊపిరి, ఓపిక కలగాలని స్వామి సన్నిధిలో ప్రతి సాయంత్రం హారతి ఇస్తారు.