ఉప్పు చూసే అసిరితల్లి

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మే అసిరితల్లి అని ఒకావిడ. ఊఁ కొడుతున్నావా చిట్టీ? కొట్టు మరి.

ఈ అసిరితల్లిది నాలుక కాదు, తక్కెడ. చెరువంత గంగాళంలో ఒక్క ఉప్పురాయి తగ్గినా ఇట్టే పట్టేసేది. అందుకని ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు పుట్టింది. పెళ్ళి భోజనాల్లో పులుసు ముందు అసిరితల్లి నోట్లో పడాలి. ఆవిడ "సరిపోయింది" అనాలి. అంతవరకూ పెళ్ళికొడుకైనా సరే, విస్తట్లో చెయ్యి పెట్టకూడదు.

అయితే ఆవిడకి ఒక అలవాటుంది. అడ్డపొగ. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. నిప్పు లోపల, తోక బయట! నవ్వకు, నిజం. ఆ పక్క ఆడవాళ్ళు చాలామంది అలాగే తాగేవారు. బయట పెడితే సముద్రపుగాలికి ఆరిపోతుంది కదా! అసిరితల్లికి చిన్నప్పుడు పన్ను నొప్పెడితే వాళ్ళమ్మే నేర్పింది. నిప్పు తగిలితే నోరు శుభ్రమవుతుందని వాళ్ళ నమ్మకం. ఎంత తాగేదంటే, ఆవిడ ఆవులిస్తే ఎవరింట్లోనో పొయ్యి రాజుకుందనుకుని కాకులు వచ్చి వాలేవి.

అప్పుడు ఆవిడకి దగ్గు పట్టుకుంది. ఒక్క దగ్గు దగ్గితే చాలు, ఒడ్డున కట్టిన పడవలు ముడి విప్పుకుని సముద్రంలోకి పోయేవి.

ఆ తర్వాత కారం తెలియడం మానేసింది. పచ్చిమిరపకాయల్ని జామకాయల్లా కొరికి, "ఏటయ్యా, ఈ ఏడు మిరప చప్పబడిపోనాదా?" అని మొగుణ్ణి అడిగింది. ఆ మొగుడు దాలయ్య ఆవిడ వండిన కూర ఒక్క ముద్ద తిని పరుగున పోయి సముద్రంలో పడ్డాడు. సముద్రం కుతకుతా ఉడికింది.

ఆ తర్వాత ఒక పెళ్ళి వచ్చింది. అసిరితల్లి పులుసు నోట్లో వేసుకుని, "చాల్లేదు, ఇంకా వెయ్యండి" అంది. వేశారు. మళ్ళీ "చాల్లేదు" అంది. మళ్ళీ వేశారు. మూడోసారీ వేయించింది. ఆవిడ మాటకి ఎదురెవరు చెప్తారు? జనం ఒక్క ముద్ద తిని, లేచి నూతి మీద పడ్డారు. నుయ్యి అడుగంటింది.

"అక్క నాలిక పోనాది. ఇక ఉప్పు నేను చూస్తాను," అంది తోడికోడలు గున్నమ్మ, నోట్లో చుట్ట తియ్యకుండానే.

అసిరితల్లి సిగ్గుతో ఇల్లు కదల్లేదు. అప్పుడు దాలయ్యే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చిన్న అద్దం నోట్లోకి పట్టి, "పెద్దమ్మా, మీ అంగిలి ఎప్పుడైనా చూసుకున్నారా?" అంది. ఎవరు చూసుకుంటారు! చూసుకుంటే అంగిలంతా సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది, మధ్యమధ్య ఎర్రచుక్కలు.

"నిప్పూ పొగా తగిలి ఇలా అయింది. రుచి మొద్దుబారిందీ, దగ్గు వచ్చిందీ ఆ పొగవల్లే. ఇప్పుడు మానేస్తే ఈ తెలుపు తగ్గుతుంది, రుచీ తిరిగి రావచ్చు. మానకపోతే పుండవుతుంది, కేన్సర్ కూడా కావచ్చు. అప్పుడు ఉప్పు సంగతి కాదు, ముద్దే దిగదు," అంది డాక్టరమ్మ.

"సగం మానేస్తేనో?"

"సగం నిప్పు కాలదా పెద్దమ్మా?"

అసిరితల్లి మానేసింది. అబ్బో, ఏం తేలిగ్గానా! ముందు కోపం వచ్చింది. వచ్చే అలనీ పోయే అలనీ తిట్టిపోసింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఆ తర్వాత చెయ్యి దానంతటదే చుట్టకోసం కొంగుముడి తడుముకునేది. మనసు లాగినప్పుడల్లా చెంబెడు నీళ్ళు తాగేది, ఇంత సోంపు నమిలేది. కాసేపు ఓర్చుకుంటే ఆ గుంజుడు పోయేది. ఒకసారి ఓడిపోయి సగం చుట్ట తాగేసింది కూడా. మర్నాడు మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది.

మెల్లగా దగ్గు తగ్గింది. పడవలు ఒడ్డునే ఉండిపోయాయి. ఒకరోజు పొద్దున్న గంజి తాగుతూ ఆగిపోయి, "ఏటయ్యా, ఇంత ఉప్పేసినావు!" అని అరిచింది. పెళ్ళాం చేత తిట్లు తిని దాలయ్యలా గంతులేసిన మొగుడు భూలోకంలో మరొకడు లేడు.

అప్పుడు ఇంకో పెళ్ళి వచ్చింది. గున్నమ్మ పులుసు చూసి "సరిపోయింది" అంది. పెళ్ళికూతురి తల్లికి ఎందుకో అనుమానం. "అసిరక్కా, నువ్వూ ఓపాలి చూడు," అంది. జనమంతా ముందుజాగ్రత్తగా నీళ్ళచెంబులు పట్టుకున్నారు.

అసిరితల్లి నోట్లో వేసుకుంది. "ఉప్పేదే గున్నా? పక్కన సముద్రం పెట్టుకుని చప్పిడి పులుసు తినమంటావేటే!" అంది. పెళ్ళికూతురి తల్లి చూసింది. నిజమే, ఉప్పు వెయ్యడమే మర్చిపోయారు. పందిరి ఎగిరిపోయేలా నవ్వారు జనం.

గున్నమ్మ నవ్వలేదు. "నాకు బాగానే ఉందక్కా..." అంది మెల్లగా.

అసిరితల్లి నవ్వు ఆగిపోయింది. గున్నమ్మ నోట్లోంచి చుట్ట లాగి పారేసి, గడ్డం పైకెత్తి లోపలికి చూసింది. అక్కడా సున్నం కొట్టిన గోడే. పులుసులో ఉప్పు వేయించి, రుచి చూసి, "సరిపోయింది, కూర్చోండి" అంది. తను మాత్రం కూర్చోకుండా గున్నమ్మ చెయ్యి పట్టుకుని పెద్దాసుపత్రికి పోయే బస్సు దగ్గరికి నడిచింది.

"పెళ్ళిభోజనం అక్కా!"

"పెళ్ళిళ్ళు మళ్ళీ వస్తాయే. నోరు మళ్ళీ రాదు. నడు!"

చుట్ట పోయె పెంటకి,
రుచి వచ్చె ఇంటికి,
కథ పోయె కంచికి,
నిద్దర వచ్చె కంటికి!