రెండో విస్తరి

కోడలు అచ్చియమ్మ కడుపుతో ఉందని తెలియగానే కొండవలస జమీందారు జగ్గభూపతి హుకుం వేశాడు. "ఇక ఆమె ఒట్టి మనిషి కాదు. రెండు విస్తళ్ళు వేసి ఇద్దరి తిండి పెట్టండి. మంచం దిగనివ్వకండి."

ఆరో నెలకే అచ్చియమ్మకు కాళ్ళు పొంగి మెట్టెలు బిగుసుకుపోయాయి. నిలబడితే ఆయాసం. చూడవచ్చిన మంత్రసాని నూకాలుకు దిగులు పట్టుకుంది. ఇలాగైతే కానుపు కష్టం. దొర మాట కాదంటే ఊళ్ళో ఉండనివ్వడు.

ఆ పూట తనే రెండు విస్తళ్ళూ వేసింది. ఒకదాంట్లో ఒక మనిషికి సరిపడా అన్నం, పప్పు, తోటకూర వడ్డించి, రెండోదాంట్లో ఉగ్గుగిన్నెతో పాలు పెట్టింది.

"ఇదేమిటే?" అని గద్దించాడు దొర.

"తమరి హుకుమే బాబూ. ఇద్దరికీ వడ్డించాను. రెండోవారు మరీ పసివారు కదా, అంతకన్నా ఏం తింటారు?"

దొర మీసం దువ్వుకున్నాడు. "మరి పెరట్లో నడిపిస్తున్నావట?"

"పసివారికి ఉయ్యాల ఊపొద్దా బాబూ? తల్లి నడిస్తేనే వారికి ఊపు."

నెల తిరిగేసరికి అచ్చియమ్మ మెట్టెలు వదులయ్యాయి. పెరడంతా నవ్వుతూ తిరుగుతోంది.

ఒక మధ్యాహ్నం దొర బొజ్జ సవరించుకుని పీట మీద కూర్చున్నాడు. ఎప్పుడూ రెండు విస్తళ్ళు ఖాళీ చేసే ఆయన ముందు ఒక్కటే ఉంది.

"రెండోదేదిరా?"

వంటవాడు తల దించుకున్నాడు. "నూకాలు వద్దంది బాబూ. దొరగారు ఒట్టి మనిషేనట."