ఐదూ నాలుగూ

దస్తగిరికి ఆ రోజు ఉక్రోషంగా ఉంది. ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాసే ఒక బెంగళూరు కంపెనీలో స్నేహితుడు ఉద్యోగం చూసిపెట్టాడు. ఉస్తాద్ జైనుల్లా దీవించి పంపడమే తరువాయి. ఆయనేమో ఇంకా కూడికల దగ్గరే కూర్చోబెట్టారు.

జైనుల్లా పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తెల్లవారుజామున తస్బీ పూసలు తిప్పుతారు, పొద్దెక్కాక ఇంటి వసారాలో కంప్యూటరు నేర్పుతారు. రెండూ ఒకే ముఖంతో చేస్తారు కాబట్టి, ఎప్పుడు దేవుణ్ణి తలుచుకుంటున్నారో, ఎప్పుడు ప్రోగ్రాములో తప్పు వెతుకుతున్నారో శిష్యులకు అంతుపట్టేది కాదు.

"రెండు అంకెలిస్తే గుణించే ఫంక్షన్ ఒకటి రాయి. దాని కింద కూడే ఫంక్షన్ రాయి" అన్నారు.

దస్తగిరి గుణకారం చేసే చిన్న ప్రోగ్రాము ముక్క రాశాడు. దాన్నే కాపీ చేసి కింద అతికించి, పేరు 'కూడిక' అని మార్చాడు. రెండూ రెండూ ఇచ్చి మీట నొక్కాడు. నాలుగు అని వచ్చింది. ల్యాప్‌టాప్‌ని ఉస్తాద్ వైపు తోశాడు.

"అయిపోయింది ఉస్తాద్."

"వేరే అంకెలు ఇచ్చి చూసినావా?"

"కూడిక ఉస్తాద్ ఇది! ఇంకేం చూడాల? బడి పిల్లోళ్లు నోటితో చెప్తారు. ఇట్లాంటివే రాస్తా కూర్చుంటే నా గడ్డం నెరుస్తాది. నన్ను పంపించేయండి."

"అంత నమ్మకమా?"

"నా ప్రాణం మీద ఒట్టు."

"నీది ఎందుకులే బేటా" అన్నారు జైనుల్లా.

ఇంతలో లోపల్నుంచి భోజనానికి పిలుపు వచ్చింది. జైనుల్లాది షుగరు ఒళ్లు. తినే ముందు ఇన్సులిన్ వేసుకోవాలి. డాక్టరు ఆయనకు పద్ధతి నేర్పాడు. తినబోయే తిండికి ఇన్ని యూనిట్లు, అప్పటికే రక్తంలో ఉన్న షుగరుకు ఇన్ని. ఆ రెంటినీ కూడి, అంతే మందు సూదిలోకి తీసుకోవాలి. రోజూ నోటితో కూడేసుకునే మనిషి, ఆ రోజు ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నారు.

"తిండికి ఐదు. షుగరుకు నాలుగు" అని గొణుక్కుంటూ దస్తగిరి ఫంక్షన్‌కే ఆ అంకెలిచ్చారు. తెర మీది జవాబు చూశారు. తల ఊపారు. సీసా వంచి సూదిలోకి మందు లాగారు.

దస్తగిరి అటు తిరిగి బెంగళూరు స్నేహితుడికి మెసేజ్ కొడుతున్నాడు. 'ఈ వారంలోనే వస్తా.'

"ఇరవై" అన్నారు ఉస్తాద్, కుర్తా పైకెత్తి పొట్ట మీద చర్మం పట్టుకుంటూ.

ఐదూ నాలుగూ ఇరవయ్యా?

దస్తగిరి గిరుక్కున ఇటు తిరిగాడు. పోయిన వేసవిలో మందు కాస్త ఎక్కువైతేనే ఈ మనిషి చెమటలు కక్కి వసారాలో కూలబడిపోయారు. అప్పుడు ఆయన పళ్లు విడదీసి నోట్లో చక్కెర పోసింది తనే. ఇది రెట్టింపు కంటే ఎక్కువ!

"ఉస్తాద్!"

ఫోను ఎక్కడ పడిందో చూసుకోలేదు. ఒక్క దూకు దూకి ఆయన మణికట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. సూది మొన చర్మానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

"ఇరవై కాదు, తొమ్మిది! తొమ్మిది ఉస్తాద్!"

"నీ ఫంక్షన్ ఇరవై అన్నది."

దస్తగిరి ల్యాప్‌టాప్ తిప్పుకున్నాడు. పైన పేరు కూడిక అనే ఉంది. లోపల గుణకారం గుర్తు కాపీ చేసింది చేసినట్టే కూర్చుని ఉంది. రెండూ రెండూ కూడినా నాలుగే, గుణించినా నాలుగే.

గుర్తు మార్చాడు. ఐదూ నాలుగూ ఇచ్చాడు, తొమ్మిది వచ్చింది. ఏడూ ఒకటీ ఇచ్చాడు. సున్నా, ఆరూ ఇచ్చాడు. అప్పటికీ నమ్మకం చాలక, వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకున్నాడు.

జైనుల్లా ఇరవై యూనిట్లూ పారబోసి, కొత్త సూదిలోకి తొమ్మిది తీసుకుని, తాపీగా వేసుకున్నారు.

దస్తగిరి కళ్లలో నీళ్లు తిరిగాయి. భయమో కోపమో అతనికే తెలియలేదు.

"తప్పని మీకు ముందే తెలుసు కదా ఉస్తాద్? తెలిసే కదా నింపుకున్నారు?"

ఆయన లేచి, కుర్తా సర్దుకుని, అన్నానికి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు.

"నాకు తెలుసు బేటా. సూదికి తెలీదు."