ముగ్గురు కోడళ్ళ ఆడపడుచు

అనగా అనగా, కొండ మీదికి ఇంకా బండిదారి పడని రోజుల్లో, ఏటి పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో నూకాలు అనే ఆవిడ ఉండేది. ఆకు నలిపి వాసన చూసి, అది ఎవరింటి పిల్లో చెప్పేది. గొడుగులా పూసేవన్నీ ఒకే ఇంటివట. కొత్తిమీర పెద్దకోడలు, జీలకర్ర నడిపికోడలు, వాము చిన్నకోడలు.

ఒక ఏడు వాన పడలేదు. గాదెలు ఖాళీ అయ్యాయి. పిల్లలు ఏడవడం కూడా మానేశారు. అప్పుడు ఏటి చెమ్మలో ఎవరూ ఎరగని మొక్క లేచింది. కొత్తిమీరలాంటి ఆకు. వెన్నెల ఆరబోసినట్టు తెల్లటి గొడుగుపూలు.

నూకాలు ఆడపడుచు పైడమ్మ ఒడినిండా కోసుకొచ్చి పొయ్యి రాజేసింది.

"ఆగు పైడమ్మా. ఎవరింటి పిల్లో చూడనీ."

"చూసేదేటి? గొడుగేసుకుని మరీ వచ్చింది. నీ కొత్తిమీరింటిదే."

నూకాలు ఆకు నలిపింది. కొత్తిమీర కాదు. మళ్ళీ నలిపింది. జీలకర్ర కాదు. మళ్ళీ నలిపింది. వామూ కాదు. ఎలకలు తిరిగిన మూల వాసన.

"వండకు."

"ముక్కుతో బతికేస్తామేటి వదినా? నీ కూతురు పొద్దున్నుంచి కళ్ళు తెరవలేదు."

అప్పటికే వాకిట్లో ఊరంతా గిన్నెలతో నిలబడి ఉంది. వద్దంటే వినే ఆకలి కాదది. తన ముక్కే తప్పయితే కూతురు బతుకుతుంది. తప్పు కాకపోతే?

"ముందు నేను తింటాను. పొద్దు వాలేదాకా ఎవరూ ముట్టకండి," అంది నూకాలు. పైడమ్మ కుండలో ఆకు ఉడికించాక పిడికెడు తింది.

మొదట కాళ్ళు మొద్దుబారాయి. తర్వాత చేతులు. తర్వాత నాలుక. కళ్ళు మాత్రం తేటగానే ఉన్నాయి.

పైడమ్మ ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. "చెప్పు వదినా. ఎవరింటి పిల్ల?"

"ఆ ఇంటిదే," అంది నూకాలు ముద్దముద్దగా. "ముగ్గురు కోడళ్ళకీ ఆడపడుచు." కొంచెం నవ్వింది. "నీలాంటిది కాదులే."

ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది.

కుండని గొయ్యి తీసి పాతేశారు. అడవిదుంపలు తవ్వుకుని కొందరు బతికారు, కొందరు పోయారు. నూకాలు కూతురు బతికింది. పైడమ్మ తన పెళ్ళి మాట ఎత్తనివ్వకుండా ఆ పిల్లని పెంచింది.

ఆ మొక్కకి ఆడపడుచాకు అనే పేరు నిలిచింది. ఇప్పటికీ ఆ కొండపల్లెల్లో ఏ కొత్త ఆకు వండినా మొదటి ముద్ద కోడలి నోట పెట్టనివ్వరు. ఆడపడుచే తింటుంది. ఎందుకమ్మా అని అడిగితే, "అప్పుడు వదిన తినేసింది కదా," అంటారు.