తోడుకోని పాలు

మంగతాయి జబ్బు హిమబిందుకు కొరుకుడు పడలేదు.

మందులిస్తే తగ్గుతుంది, నెల తిరక్కుండా మళ్ళీ వస్తుంది. లోపల మంట, వాపు, తెల్లబట్ట, చేపల వాసన. మంగతాయి షెడ్డులో రొయ్యలు ఒలిచే మనిషి. ఆ వాసన పనిదో జబ్బుదో మొదట్లో ఆమెకే తెలియలేదు. తెలిశాక బస్సులో కూర్చోవడం మానేసి తలుపు దగ్గరే నిలబడి వచ్చేది. ఆమెకు హెచ్‌ఐవి ఉంది. దాని మాత్రలు వేళకు మింగుతోంది, రక్తంలో వైరస్ అదుపులోనే ఉంది. ఈ మంట మాత్రం వదలడం లేదు.

"ఇంక రానమ్మా. ఇయ్యీ వద్దు, ఆ హెచ్‌ఐవి మాత్రలూ వద్దు. విసుగొచ్చేసింది," అని ఆ రోజు తేల్చి చెప్పింది. అవి మానేస్తే ఏమవుతుందో ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. రేపొక్కసారి వచ్చి వెళ్ళమని హిమబిందు బతిమాలి ఒప్పించింది.

అప్పట్లో మేము సముద్రపు ఒడ్డునున్న ఒక చిన్న ఆసుపత్రిలో సుగుణమణి మేడమ్ దగ్గర పని నేర్చుకునేవాళ్ళం. పెంకుల కప్పు, ఉప్పుగాలికి తుప్పు పట్టిన కిటికీ ఊచలు, ఒక పాత మైక్రోస్కోపు. ఆ గది ఇప్పుడు లేదు. మా అందరిలో హిమబిందు చురుకైన పిల్ల. ఆ సంగతి మాకంటే ఆమెకే బాగా తెలుసు.

హిమబిందు స్లైడు పట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళింది.

"చెడ్డ క్రిములన్నిటికీ మందిచ్చాను మేడమ్. మళ్ళీ ఎందుకొస్తోంది?"

మేడమ్ చాలాసేపు మైక్రోస్కోపులో చూసింది.

"చెడ్డవాటి సంగతి సరే. ఉండాల్సినవి ఏవి?"

లోపల ఆరోగ్యంగా ఉంటే పుల్లల్లాంటి సూక్ష్మజీవులు గుంపులుగా కనిపిస్తాయి. అవి పెరుగులో ఉండేవాటిలాగే పులుపు పుట్టించి చెడ్డవాటిని దగ్గరికి రానివ్వవు. మంగతాయి స్లైడులో అవి వెతికినా లేవు.

"హెచ్‌ఐవి కదా మేడమ్, అందుకేనేమో," అంది హిమబిందు.

మేడమ్ లేచి పక్కగదిలోకి వెళ్ళింది. అక్కడ కిటికీ గట్టు మీద ఆవిడ పెరుగు గిన్నె ఉండేది. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు కలిపి మర్నాటికి మూతపెట్టడం ఆవిడ అలవాటు. అలాగని పెరుగుతో వైద్యం చేసే మనిషి కాదు. అలాంటి చిట్కా ఎవరైనా చెబితే చెవి మెలేసేది.

"ఈ గిన్నె కడిగి పట్రా బిందూ. నువ్వు చేతులు కడుక్కునే క్రిముల మందు ఉందే, దాంతో కడుగు. నీళ్ళతో తొలవకు."

హిమబిందు కడిగి తెచ్చింది. మేడమ్ అందులోనే పాలు పోసి, ఎప్పటిలాగే పెరుగు కలిపి మూతపెట్టింది. ఆవిడకు చాదస్తం మొదలైందని మేము చాటుగా నవ్వుకున్నాం.

మర్నాడు మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి. పైగా మందు కంపు. ఆ పూట మేడమ్ ఊరగాయతో అన్నం తిని లేచింది.

హిమబిందు మాత్రం ఆ గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది. మంగతాయి రాగానే ఎదురెళ్ళి అడిగింది.

"లోపల దేనితోనైనా కడుక్కుంటున్నావా?"

మంగతాయి తలొంచుకుంది. చేతిసంచిలోంచి ఒక సీసా తీసింది. మా గదిలో కుళాయి దగ్గరుండే మందే అది.

"ఇదా! లోపలికా! ఎవరు చెప్పారు నీకు?" హిమబిందు గొంతు పెరిగింది.

"ఎవురూ చెప్పలేదమ్మా. నన్ను ముట్టుకున్నాక మీరు కడుక్కుంటారు గదా. వేరేవోళ్ళని చూసినప్పుడు సబ్బుతో ఒకసారి కడుగుతారు. నా తర్వాతయితే ఈ మందేసి మళ్ళీ మళ్ళీ రుద్దుతారు. బల్ల మీద పడుకుని వచ్చినప్పుడల్లా చూసేదాన్నే. పైపైన ముట్టుకున్న మీకే అంత కావాలంటే, లోపలున్న నాకెంత కావాలా అనుకున్నా."

మాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మేడమ్ తలెత్తకుండా స్లైడ్లు తుడుస్తూనే ఉంది.

హిమబిందు ఆ సీసా తీసుకుని పక్కన పెట్టింది. మంగతాయిని బల్ల మీద పడుకోబెట్టి, గ్లవ్స్ వేసుకుని, తొందర లేకుండా పరీక్ష చేసింది. గ్లవ్స్ తీసి కుళాయి దగ్గరికి వెళ్ళింది. అందరికీ కడుక్కున్నట్టే సబ్బుతో ఒకసారి చేతులు కడుక్కుంది. తుడుచుకుని తిరిగొచ్చి, తన కుర్చీలో కాకుండా మంగతాయి పక్కన బెంచీ మీద కూర్చుంది. ఇకనుంచి లోపల ఏదీ పొయ్యవద్దని, స్నానానికి వట్టి నీళ్ళు చాలని చెప్పింది.

మంగతాయి వింటూ ఉంది. తర్వాత సంచి సర్దుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

హిమబిందు మేడమ్ వైపు చూసింది.

"నన్ను కాదు," అంది మేడమ్, చేతిలో స్లైడు వెలుతురుకు పట్టి చూస్తూ. "నిన్నే అడుగుతోంది."